హ్యారియట్ టబ్‌మన్ జ్ఞాపకంగా చెట్టు నాటడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని మేరీలాండ్‌లో ఉంటున్న మా ఐదారు తెలుగు కుటుంబాలు కొన్నేళ్ళ క్రితం ఒక చర్చి ఆవరణలో, ఆ చర్చి పెద్దలతో కలిసి ఒక మొక్క నాటాయి. హ్యారియట్ టబ్‌మన్ బానిసత్వం నుంచి బయటపడిన సందర్భాన్ని తలచుకుంటూ నాటిన మొక్క అది. ఆ ఫొటోలు చూసినవారు అప్పటి నుంచి ఫోన్లు చేసి అడుగుతూనే ఉన్నారు, దాదాపు అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. కొన్నిటికి జవాబు చరిత్రలో ఉంది, కొన్నిటికి పలుగూ పారలో ఉంది.

అసలు ఏ సంఘటనకు గుర్తుగా ఈ చెట్టు?

1849. మేరీలాండ్ తూర్పు తీరంలోని డార్చెస్టర్ కౌంటీ. అరమింటా రాస్ అనే యువతి, ఇంట్లో పిలిచే పేరు మింటీ, పుట్టుక నుంచీ బ్రోడెస్ కుటుంబానికి బానిస. పెళ్ళయ్యాక ఆమే హ్యారియట్ టబ్‌మన్. ఆ ఏడాది మార్చిలో యజమాని ఎడ్వర్డ్ బ్రోడెస్ అప్పులు మిగిల్చి చనిపోయాడు. అప్పు తీర్చాలంటే ఏదో ఒకటి అమ్మాలి. అతని భార్య ఎలైజా దగ్గర అమ్మడానికి ఉన్నది మనుషులు. హ్యారియట్ అక్కలు ముగ్గురిని అంతకు చాలా ముందే దక్షిణాదికి అమ్మేశారు. ఇప్పుడు తన వంతు వచ్చిందని ఆమెకు తెలిసిపోయింది.

సెప్టెంబరు 17, సోమవారం, ఆమె తన తమ్ముళ్ళు బెన్, హ్యారీలతో కలిసి వెళ్ళిపోయింది. అక్టోబరు 3 తేదీతో ఎలైజా ఇచ్చిన పత్రికా ప్రకటన ఇప్పటికీ ఉంది: మింటీ, వయసు సుమారు 27, చామనఛాయ, చూడచక్కని మనిషి, ఎత్తు సుమారు 5 అడుగులు. రాష్ట్రం బయట పట్టిస్తే మనిషికి 100 డాలర్లు, రాష్ట్రం లోపల పట్టిస్తే 50. తప్పిపోయిన గేదెకు ఇచ్చే ఆనవాళ్ళలా ఉంటుంది చదువుతుంటే.

తమ్ముళ్ళకు ధైర్యం చాలలేదు. వెనుదిరిగారు, ఆమెనూ వెనక్కి తీసుకువచ్చారు. కొద్ది రోజులకే ఆమె మళ్ళీ బయలుదేరింది, ఈసారి ఒంటరిగా. ఆ రెండో ప్రయాణం తేదీ ఏ కాగితం మీదా లేదు. పెన్సిల్వేనియా సరిహద్దు దాకా సుమారు 90 మైళ్ళు, ఎక్కువగా రాత్రిపూట నడక. సరిహద్దు దాటాక తాను అదే మనిషినా కాదా అని తన చేతులు చూసుకున్నానని, చెట్ల మధ్య నుంచి ఎండ బంగారంలా వచ్చిందని తరువాత ఆమె చెప్పింది. మేము నాటే చెట్టుకు మొదలు ఆ మాటే.

అయితే ఆమె రైలెక్కి వెళ్ళిందా? ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ అంటారు కదా?

రైలూ లేదు, సొరంగమూ లేదు. బానిసత్వం నుంచి తప్పించుకునేవారికి తిండి, దాపు, దారి చూపిన మనుషుల గొలుసుకు ఆ పేరు. దాచిన ఇల్లు స్టేషను, దారి చూపినవారు కండక్టరు, వెళ్ళేవారు ప్రయాణికులు. ఈ గొలుసులో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు ఉన్నారు, విల్మింగ్టన్‌లో ఇనుము వ్యాపారం చేసిన థామస్ గారెట్ లాంటివారు ఉన్నారు. కథల్లో వీళ్ళకే ఎక్కువ చోటు దొరుకుతుంది. కానీ బరువు ఎక్కువ మోసింది స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి కుటుంబాలు, పడవల మీద పనిచేసే నల్లజాతి సరంగులు. పట్టుబడితే వాళ్ళు పోగొట్టుకునేది కూడా ఎక్కువే.

‘పారిపోయింది’ అని రాయవచ్చా?

మా ఆహ్వాన పత్రంలో మొదట అలాగే రాశాం. చదువుకుంటే గుచ్చుకుంది. తెలుగులో పారిపోవడం అంటే తప్పు చేసినవాడి పని, అప్పు ఎగ్గొట్టినవాడి పని. పోనీ ‘విముక్తి పొందింది’ అందామంటే, ఎవరో దయతలచి ఇస్తే చేయి చాచి పుచ్చుకున్నట్టు ఉంది. ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. చివరకు ‘బానిసత్వం నుంచి తనను తాను విడిపించుకుంది’ అని రాశాం. కాస్త పొడుగే, కానీ జరిగింది అదే.

‘బానిస’ అనే మాట దగ్గర కూడా ఒకసారి ఆగండి. ‘హ్యారియట్ అనే బానిస’ అంటే అది ఆమె జాతో, వృత్తో అన్నట్టు వినిపిస్తుంది. ‘బానిసగా ఉంచిన మనిషి’ అంటే ఉంచినవారు కూడా వాక్యంలోకి వస్తారు.

ఒక్కతే తప్పించుకుంది సరే. ఇంతమంది తప్పించుకున్నారు, ఆమెనే ఎందుకు తలచుకోవాలి?

తిరిగి వచ్చింది కాబట్టి. 1850లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టంతో ఉత్తరాది రాష్ట్రాలకు చేరినవారిని కూడా పట్టి తెచ్చి యజమానికి అప్పగించడం మరింత సులువైంది. అలాంటి రోజుల్లో ఆమె సుమారు 13 సార్లు మేరీలాండ్‌కు వచ్చి 70 మంది దాకా వెంటబెట్టుకు వెళ్ళింది. వాళ్ళను కెనడా దాకా చేర్చింది.

ఒక్క ప్రయాణం గురించి చెప్తాను, 1854 క్రిస్మస్‌ది. ఆమె సోదరులు రాబర్ట్, బెన్, హెన్రీలను పండగ మర్నాడు అమ్మేస్తారని కబురు తెలిసింది. ఈ బెన్, హెన్రీలే 1849లో వెనుదిరిగిన తమ్ముళ్ళు. హెన్రీనే ప్రకటనలో హ్యారీ అన్నారు. అందరూ పోప్లర్ నెక్ అనే చోట తల్లిదండ్రుల గుడిసెకు దగ్గర్లో ఉన్న గడ్డి కొట్టంలో దాక్కున్నారు. లోపల తల్లి రిట్ పండగ వంట చేసి కొడుకుల కోసం ఎదురుచూస్తోంది. ఆమెకు చెప్పలేదు. తెలిస్తే ఆపుకోలేక గొల్లుమంటుందని, ఆ ఏడుపు చుట్టుపక్కల వినబడుతుందని భయం. తండ్రి బెన్ రాస్‌కు మాత్రమే చెప్పారు. ఆయన తిండి తెచ్చి కొట్టంలో పెట్టాడు, పిల్లల ముఖం వైపు చూడకుండా.

రాత్రి బయలుదేరేటప్పుడు ఆయన కళ్ళకు రుమాలు కట్టుకున్నాడు. కొడుకులు చెరో చేయి పట్టుకుంటే కొంత దూరం వాళ్ళతో నడిచి, ఆగి, అడుగుల చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా నిలబడి, అప్పుడు రుమాలు విప్పి ఇంటికి పోయాడు. తరువాత వెతికేవాళ్ళు వచ్చి అడిగితే, కొడుకులను చూడలేదని నిజమే చెప్పాడు. పిల్లలు వెళ్ళేముందు గుడిసె గోడ సందుల్లోంచి తల్లిని చూశారు. పొయ్యి పక్కన తల చేతికి ఆనించి, నోట్లో పైపుతో కూర్చుని ఉందట.

మూడేళ్ళ తరువాత, 1857లో, హ్యారియట్ ఆ ముసలి తల్లిదండ్రులను కూడా తీసుకుపోయింది.

300 మందిని విడిపించిందని, తలకు 40,000 డాలర్ల వెల కట్టారని వాట్సాప్‌లో చదివాం. నిజం కాదా?

కాదు. 19 ప్రయాణాలు, 300 మంది అనే లెక్క ఆమె బతికి ఉండగానే 1869లో వచ్చిన జీవితచరిత్రతో పాకింది. ఆ పుస్తకం రాసిన సారా బ్రాడ్‌ఫర్డ్‌ది అంకెలు వేయడంలో కాస్త పెద్ద చేయి. 40,000 డాలర్ల బహుమతికి ఆధారం లేదు. బొంతల మీది గుర్తులు చూసి దారి తెలుసుకున్నారన్నదీ అందమైన కథే గానీ రుజువు లేదు. వేదిక మీద మాట్లాడేవారికి ముందే చెప్పండి. 13 ప్రయాణాలు, 70 మంది అంటే తక్కువేమీ కాదు. పెద్ద అంకె కావాలంటే నిజమైనదే ఉంది: అంతర్యుద్ధ కాలంలో, 1863 జూన్‌లో, దక్షిణ కరోలినాలోని కాంబహీ నది మీద ఉత్తరాది సైన్యం జరిపిన దాడిలో ఆమె దారి చూపింది. ఆ ఒక్క రాత్రి 700 మందికి పైగా బయటపడ్డారు.

విగ్రహమో, ఫలకమో కాకుండా చెట్టే ఎందుకు?

ఆమె యవ్వనం చెట్ల మధ్య గడిచింది. తండ్రి బెన్ రాస్ కలప కొట్టించే మేస్త్రీ. అక్కడ నరికిన దుంగలు బాల్టిమోర్ ఓడల కార్ఖానాలకు పోయేవి. హ్యారియట్ ఇంటి పనులకు పనికిరాదని తిట్లు తిన్నదే గానీ అడవిలో గొడ్డలి పట్టి మగవాళ్ళతో సమానంగా పనిచేసింది. ఏ వాగు ఎటు పోతుంది, ఏ నేల కాలు దిగబడుతుంది అన్న లెక్కలన్నీ అక్కడ నేర్చుకున్నవే. దుంగలతో పాటు పడవల్లో తిరిగే సరంగుల దగ్గర బయటి ప్రపంచం కబుర్లు తెలిసేవి.

ఇంకొకటి కూడా ఉంది. చివరి ఏళ్ళలో తనను చూడవచ్చిన ఒక విలేకరిని ఆమె, నీకు ఆపిల్ పండ్లు ఇష్టమేనా, ఎప్పుడైనా ఆపిల్ చెట్టు నాటావా అని అడిగింది. లేదన్నాడు. చిన్నప్పుడు తనకూ ఆపిల్ అంటే ఇష్టమేనని, ఎప్పటికైనా తానే నాటి పిల్లలకు పెట్టాలనుకున్నానని, నాటానని చెప్పింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో ఆమె 1859లో కొనుక్కున్న 7 ఎకరాలు ఉన్నాయి. ఆబర్న్‌లోనే 1913 మార్చి 10న కన్నుమూసింది.

కానీ చెట్టుకు ఇక్కడ ఇంకో ముఖం ఉంది, అది తెలియకుండా పలుగు పట్టకూడదు. బానిసత్వం రద్దయ్యాక కూడా దశాబ్దాల పాటు నల్లజాతివారిని మూకలు చెట్లకు ఉరితీసిన దేశం ఇది. మేరీలాండ్ తూర్పు తీరంలో 1930లలో కూడా జరిగింది. కాబట్టి కొమ్మలకు తాళ్ళు కట్టడం, తోరణాలు వేలాడదీయడం, రేపు పెద్దదయ్యాక ఉయ్యాల వేయడం వద్దు. మాకు ఎవరూ చెప్పలేదు. ప్రారంభానికి మేము తెచ్చిన మామిడాకుల తోరణం చూసి ఆ చర్చి పెద్దావిడ ఒక్క క్షణం ఆగారు. ఆ ఆగడంలోనే అర్థమైంది. తోరణం బల్లకు కట్టాం.

ఇందులో మన తెలుగువాళ్ళకు ఏం పని?

మా నాన్నగారు ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఆయనకు చెప్పిన జవాబు: 1965 దాకా ఈ దేశానికి వలస వచ్చే భారతీయులకు ఉన్న కోటా ఏడాదికి 100 మంది. దేశాన్ని బట్టి కోటా పెట్టే ఆ పద్ధతిని తీసేసిన వలస చట్టం 1965లో వచ్చింది, అంటే నల్లజాతివారు వీధుల్లోకి వచ్చి దెబ్బలు తిని సాధించుకున్న 1964 పౌరహక్కుల చట్టం మరుసటి ఏడాది. ఆ తలుపు తీసిన చేతుల్లో మనవి లేవు. లోపలికి వచ్చి హాయిగా కూర్చున్నాం. ఒక మొక్కకు నీళ్ళు పోయడం పెద్ద పనేమీ కాదు.

అయితే పెత్తనం మనది కాకూడదు. ముందు ఆ ఊళ్ళోని నల్లజాతి చర్చినో, చరిత్ర సంఘాన్నో కలవండి. వాళ్ళు వద్దంటే వద్దు. సరేనంటే ఎక్కడ, ఎప్పుడు అన్నది వాళ్ళు చెప్తారు.

ఏ రోజున నాటాలి?

చరిత్ర చెప్పే తేదీ, మట్టి చెప్పే తేదీ ఒకటి కావు. చిక్కంతా అక్కడే ఉంది.

సెప్టెంబరు 17 ఆమె మొదటిసారి బయలుదేరిన రోజు. సెప్టెంబరు నెలను అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ మాసంగా కూడా జరుపుతున్నారు, 2019లో మేరీలాండ్‌లోనే మొదలైంది. కానీ సెప్టెంబరు మధ్యలో ఇక్కడ ఇంకా ఎండ మిగిలే ఉంటుంది. బానిసత్వం ముగింపును దేశమంతా తలచుకునే జూన్ 19 సంగతి చెప్పనక్కర్లేదు, ఆ ఎండలో నాటితే మొక్కకు శిక్షే. మార్చి 10 ఆమె వర్ధంతి, నేల మెత్తబడి ఉంటే మంచి రోజు. నాకు అన్నిటికన్నా నచ్చింది నవంబరు 1. 1864లో అదే రోజున కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చి మేరీలాండ్‌లో బానిసత్వం చట్టపరంగా ముగిసింది. ఆ సమయానికి ఆకులు రాలుతుంటాయి, నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, వేళ్ళు పట్టుకోవడానికి అనువుగా ఉంటుంది.

మేము చేసేది: సెప్టెంబరు 17న సాయంత్రం అందరం కలిసి నడిచి, చోటు చూసి, నాలుగు పుల్లలు పాతి గుర్తు పెడతాం. నవంబరు 1న నాటుతాం. నెలన్నర పాటు ఆ పుల్లలు చూస్తూ పోయేవారు ఇదేమిటని అడుగుతారు. ఆ అడగడం కూడా పనికొస్తుంది.

ఏ మొక్క నాటాలి?

ఆ నేలలో పుట్టి పెరిగేదే. వైట్ ఓక్ మేరీలాండ్ రాష్ట్ర వృక్షం. డార్చెస్టర్ పక్కనే ఉన్న టాల్బట్ కౌంటీలో వై ఓక్ అనే మహావృక్షం ఉండేది. సుమారు 460 ఏళ్ళు బతికి 2002 జూన్‌లో గాలివానకు కూలింది. హ్యారియట్ నడిచిన రోజుల్లో అది నిలబడే ఉంది. చోటు ఎక్కువ ఉంటే వైట్ ఓక్, ట్యులిప్ పోప్లర్. తడి నేలైతే బ్లాక్ గమ్, స్వీట్‌గమ్. స్వీట్‌గమ్ కాయలు ముళ్ళతో ఉంటాయి, పిల్లలు ఆడుకునే చోట వద్దు. చోటు తక్కువైతే ఆపిల్ పెట్టండి, కారణం పైన చెప్పాను, కానీ పురుగూ తెగులూ చూసుకునే ఓపిక ఉండాలి. వసంతంలో తెల్లగా విరగబూసే బ్రాడ్‌ఫర్డ్ పేర్ చౌకగా దొరుకుతుందని ఆశపడవద్దు. దాని పూలు కుళ్ళిన వాసన వేస్తాయి, కొమ్మలు గాలికి చీలిపోతాయి, గింజలు పడి చుట్టుపక్కల పొలాలను ఆక్రమిస్తాయి.

ఒక మెలిక: ఓక్, పోప్లర్, బ్లాక్ గమ్, స్వీట్‌గమ్ లాంటివాటిని పొలంలో తవ్వి వేరుముద్దను గోనెలో చుట్టి అమ్మితే, శరదృతువులో నాటినప్పుడు అవి సరిగా తేరుకోవు. వాటికి వసంతమే మేలు. కుండీలో పెరిగిన మొక్కైతే నవంబరులో భయం లేదు. నర్సరీలో ఈ ఒక్క సంగతి అడగండి. అయిదారు అడుగుల మొక్క చాలు. పెద్ద మొక్క ఫొటోలో బాగుంటుంది, చిన్నది త్వరగా నేల పట్టుకుంటుంది.

ఎక్కడ పడితే అక్కడ నాటవచ్చా?

కుదరదు. డార్చెస్టర్‌లో టబ్‌మన్ పేరిట ఉన్న జాతీయ ఉద్యానవనంలో, బ్లాక్‌వాటర్ వన్యప్రాణి ఆశ్రయంలో సొంతంగా మొక్క నాటకూడదు. రోడ్డు పక్కన ప్రభుత్వ స్థలమైతే రాష్ట్ర అటవీ విభాగం అనుమతి కావాలి. కాలనీలో అయితే హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, లేఖ కావాలి. అన్నిటికన్నా సులువు చర్చి, బడి, గ్రంథాలయం ఆవరణ. ఎక్కడైనా సరే, తవ్వే ముందు 811కు ఫోను చేయండి. ఉచితం. గ్యాసు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో వచ్చి రంగు గుర్తులు వేసి పోతారు. దీనికి కొన్ని పనిదినాలు పడుతుంది కాబట్టి శుక్రవారం రాత్రి గుర్తొస్తే శనివారం కార్యక్రమం గోవిందా.

గొయ్యి ఎంత లోతు తీయాలి?

మన ఊళ్ళో కొబ్బరి మొక్కకు తీసినట్టు మూడడుగుల గొయ్యి తీసి, అడుగున పేడ ఎరువు వేయబోయారు మా బాబాయిగారు. ఇక్కడ ఆ లెక్క వేరు. వేరుముద్ద ఎంత ఎత్తుందో అంతే లోతు, వెడల్పు మాత్రం దానికి రెండు మూడు రెట్లు. కాండం నేలను తాకే చోట కాస్త విప్పారి ఉంటుంది. ఆ విప్పారిన భాగం మట్టి పైకి కనబడాలి. కుండీలో అది తరచుగా మట్టి కింద కప్పబడి ఉంటుంది, వేలితో తవ్వి వెతకండి. కుండీ గోడ వెంబడి గుండ్రంగా చుట్టుకున్న వేళ్ళను కత్తితో కోసేయండి, జాలి పడవద్దు. తీసిన మట్టితోనే పూడ్చండి. ఎరువు వద్దు.

పైన చెక్క పొట్టు రెండు మూడు అంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. ఇక్కడ పార్కింగ్ స్థలాల్లో చెట్ల మొదట్లో చెక్క పొట్టును చీమల పుట్టలా పోస్తారు, అది చూసి నేర్చుకోవద్దు. ఆ తడికి బెరడు కుళ్ళుతుంది.

కొబ్బరికాయ కొట్టవచ్చా? పసుపు కుంకుమ?

మొక్కకైతే నష్టం లేదు. కానీ ఆ రోజు ఎవరిది అన్నది ఆలోచించండి. నల్లజాతి సమాజంలో పూర్వీకుల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ నేల మీద నీళ్ళు వదిలే ఆచారం ఉంది. మన తర్పణానికి దగ్గరి చుట్టం. మేము కొబ్బరికాయ ఇంట్లోనే వదిలి రాగి చెంబు తీసుకువెళ్ళాం. పెద్దావిడ పేర్లు పిలిచారు: మింటీ, రిట్, బెన్, అమ్ముడుపోయిన అక్కలు లినా, సోఫ్, మరియా రిట్టీ. ప్రతి పేరుకూ ఒకరు చెంబుతో నీళ్ళు పోశారు. తరువాత పులిహోర పెట్టాం, ఎవరూ కాదనలేదు.

ఫలకం మీద ఏం రాయాలి?

మాది ఇలా ఉంది: ‘1849లో బానిసత్వం నుంచి తనను తాను విడిపించుకుని, మళ్ళీ మళ్ళీ వచ్చి ఎందరినో విడిపించిన హ్యారియట్ టబ్‌మన్ జ్ఞాపకంగా’. ఇంగ్లీషులో పెద్దగా, కింద తెలుగులో చిన్నగా. దాతల పేర్లు వేయలేదు. వేయాలని పట్టుబట్టినవారు ఉన్నారు, వాళ్ళ పేరు నీళ్ళ వంతుల పట్టికలో మొదటి వరసలో వేశాం. ఫలకాన్ని చెట్టుకు మేకుతో కొట్టకండి, పక్కన రాయికి బిగించండి.

పిల్లలకు ఎలా చెప్పాలి?

సెప్టెంబరు 17 నడక చీకటి పడ్డాక పెట్టుకోండి. ఫోన్లు జేబుల్లో ఉంచి, ఉత్తరం ఎటో కనుక్కోమనండి. సప్తర్షి మండలంలో గరిటె గిన్నెకు బయటి అంచున ఉన్న రెండు చుక్కలను కలిపే గీతను పొడిగిస్తే ధ్రువ నక్షత్రం దొరుకుతుంది. హైదరాబాద్‌లో ధ్రువుడు దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉండి మేడల వెనుక దాక్కుంటాడు. డార్చెస్టర్‌లో 38 డిగ్రీల పైన, చెట్ల తలల మీదుగా కనిపిస్తాడు. ఆమెకు చదువు రాదు, దిక్సూచి లేదు, ఆ చుక్క ఉంది. మబ్బు పట్టిన రాత్రి ఏం చేసి ఉంటుందని మా పాప అడిగింది. పగలంతా అడవిలో పనిచేసిన మనిషికి ఏ నది ఎటు పోతుందో కాళ్ళకే తెలుస్తుందని చెప్పాను.

ఆమె నడిచిన చోట్లు చూడవచ్చా?

తప్పకుండా. చర్చ్ క్రీక్ దగ్గర సందర్శకుల కేంద్రం 2017లో తెరిచారు. ఆ ప్రాంతం మీదుగా మేరీలాండ్ లోపల 125 మైళ్ళ దారి గుర్తులు పెట్టి ఉంది. బక్‌టౌన్ కూడలిలోని దుకాణం దగ్గర ఆగండి. పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో, మరో బానిస వైపు మేస్త్రీ విసిరిన రెండు పౌండ్ల తూకపు గుండు అక్కడే ఆమె తలకు తగిలింది. బతికినంత కాలం మాట మధ్యలోనే నిద్రలోకి జారిపోయే జబ్బు దాంతో వచ్చిందే. ఆ మనిషి ఆ జబ్బుతోనే ఇంతమందిని రాత్రివేళ నడిపించింది.

బ్లాక్‌వాటర్‌లో ఎండి తెల్లబడి నిలబడిన పైన్ చెట్ల వరసలు కనబడతాయి. సముద్ర మట్టం పెరిగి, నేల కుంగి, ఉప్పునీరు వేళ్ళలోకి ఎక్కి చచ్చిన చెట్లు అవి. 1930ల నుంచి ఇప్పటికి అక్కడ 5,000 ఎకరాలకు పైగా చిత్తడి నేల నీట మునిగింది. ఆమె నడిచిన నేల కొంత ఇప్పుడు నడవడానికి లేదు.

మన ఊళ్ళో ఇలాంటిది చేయవచ్చా?

చేయవచ్చు, చేయాల్సిన ఊళ్ళు చాలా ఉన్నాయి. తెలంగాణలో వెట్టి చాకిరీ కథ మన తాతల నాటిదే, 1946లో మొదలైన సాయుధ పోరాటానికి మూలాల్లో అదొకటి. వెట్టిని నిషేధించే కేంద్ర చట్టం 1976 ఫిబ్రవరి 9న వచ్చింది, 1975 అక్టోబరు 25 నుంచి వర్తించేలా. అయినా ఇటుక బట్టీల్లో, బియ్యపు మిల్లుల్లో అడ్వాన్సు పేరుతో కట్టేసిన కుటుంబాలను ఇప్పటికీ అధికారులు విడిపిస్తూనే ఉన్నారు. విడుదలైనవారి చేతికి విముక్తి పత్రం రావాలి. అది రాకుండా మొక్క నాటి ఫొటో దిగడం వాళ్ళను ఇంకోసారి వాడుకోవడమే. ముందు పత్రం, పునరావాసం డబ్బు. ఆ తరువాత, వాళ్ళకు ఇష్టమైతే, వాళ్ళు చెప్పిన చోట వేపో, కానుగో, చింతో. పేర్లు, ముఖాలు బయటపెట్టకండి. అక్కడైతే తొలకరి పడ్డాక నాటాలి, ఫిబ్రవరి 9న నాటి ఏప్రిల్ ఎండకు వదిలేయకండి.

నాటిన మొక్క చనిపోతే?

మాది చనిపోయింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదటి రోజు 60 మంది వచ్చారు. చివర్లో పెద్దావిడ ఒక్క ప్రశ్న వేశారు: ‘నీళ్ళు ఎవరు పోస్తారు?’ అందరం చేతులెత్తాం. మొదటి వేసవి ఎలాగో గడిచింది. రెండో ఏడాది జూన్‌లో బడులు మూయగానే ఒక్కో కుటుంబం ఇండియా వెళ్ళింది. అందరూ వెళ్తున్నారని ఎవరికీ తెలియదు, వేరేవారు పోస్తారని అందరి ధీమా. జూలైలో మూడు వారాలు చినుకు లేదు. ఆగస్టు చివర్లో వచ్చి చూస్తే మొక్క నిలువునా ఎండి ఉంది. గిల్లితే బెరడు కింద పచ్చదనం లేదు. పెద్దావిడకు చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది నాకు. ఆవిడ కోప్పడలేదు, నవంబరులో మళ్ళీ నాటుదామన్నారు.

ఇప్పటి ఏర్పాటు చెప్తాను. అయిదు గాలన్ల ప్లాస్టిక్ బకెట్లు మూడు, అడుగున సన్న మేకుతో ఒక్కో చిల్లు. మొక్క చుట్టూ పెట్టి నింపితే గంటా గంటన్నరలో నెమ్మదిగా దిగుతాయి, పైనుంచి పోసినట్టు పక్కకు పారిపోవు. వారానికి ఒకసారి, వాన బాగా పడ్డ వారం మినహా, మూడేళ్ళు. పట్టికలో ప్రతి వారానికి ఇద్దరి పేర్లుంటాయి, ఒకటి మన వైపు నుంచి, ఒకటి చర్చి వైపు నుంచి. జింకలు కొరకకుండా చుట్టూ వల. నాలుగో ఏడాది నుంచి మరీ కరువైతే తప్ప అక్కర్లేదు.

రెండో మొక్క బ్లాక్ గమ్. గత అక్టోబరులో మొదటిసారి దాని ఆకులన్నీ ఎర్రబడ్డాయి, ఇప్పుడు నా భుజం దాటింది. ఈ జూలై రెండో వారం వంతు మాది. టికెట్లు ఆగస్టుకు మార్చుకున్నాం.